వాయిదా రోజు, రాబడి రోజు: గ్రూపు అప్పుతో వ్యాపారం పెంచుకోవాలనుకునే ఆడవాళ్ళకు

నేను బట్టలు కుట్టి బతుకుతాను. ఒక్క మిషనుతో మొదలుపెట్టాను, ఇప్పుడు నాలుగున్నాయి, నాతో పాటు ముగ్గురు పనిచేస్తున్నారు. ఈ మధ్యలో ఐదుసార్లు గ్రూపు అప్పు తీసుకున్నాను. మూడుసార్లు వ్యాపారం పెరిగింది. రెండుసార్లు మాత్రం ఏడాది పొడుగునా వాయిదా కట్టడానికే కుట్టాను. ఐదింటికీ వడ్డీ ఇంచుమించు ఒకటే, నా చేతిపనీ అదే. మరి తేడా ఎక్కడొచ్చింది? ఇది తేల్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మా గ్రూపులో కొత్తగా చేరేవాళ్ళకు ఖాతా పుస్తకం రాయడం నేర్పుతున్నాను. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. అందరూ వడ్డీ ఎంత అని అడుగుతారు. అది అడగాల్సిందే. కానీ దానికన్నా ముందు అడగాల్సింది, పెట్టిన డబ్బు మళ్ళీ మన చేతికి ఏ రోజున వస్తుంది, వాయిదా ఏ రోజున కట్టాలి అని. ఈ రెండు తేదీలు కలవకపోతే తక్కువ వడ్డీ అప్పు కూడా మెడకు చుట్టుకుంటుంది.

ముందు వ్యాపారం, తర్వాత అప్పు

"అప్పు తీసుకుని ఏదో ఒకటి మొదలుపెడతానక్కా" అని వచ్చేవాళ్ళను నేను అక్కడే ఆపుతాను. ముందు చిన్నగానైనా సరే మొదలుపెట్టి, నాలుగైదు నెలలు నడిపి చూసుకుని, అప్పుడు రమ్మంటాను. ఇది ఊరికే అనే మాట కాదు. బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకో దేశాల్లో చిన్న అప్పుల మీద చేసిన ఆరు పరిశీలనలు 2015లో ఒకేచోట అచ్చయ్యాయి. అప్పు దొరికినవాళ్ళు వ్యాపారంలో కొంత ఎక్కువ పెట్టగలిగారు కానీ, సగటున ఇంటి ఆదాయం చెప్పుకోదగ్గంత పెరగలేదని తేలింది. భారత్‌లో చేసిన పరిశీలన హైదరాబాదు బస్తీల్లోది. ఆ బస్తీలనే కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే, అప్పు రాకముందే వ్యాపారం నడుపుతున్నవాళ్ళకు మేలు ఎక్కువ జరిగింది, అది నిలిచింది కూడా. అప్పు దొరికింది కదా అని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ దగ్గర అంత కనబడలేదు. నడుస్తున్న బండిని అప్పు ముందుకు తోస్తుంది. ఆగి ఉన్నదాన్ని కదిలించే బలం దానికి అన్నిసార్లూ ఉండదు.

రెండు తేదీలు పక్కపక్కన

వారం వారం కట్టే పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని తీరు అర్థమవుతుంది. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే ఊళ్ళో అర్థశాస్త్రం ప్రొఫెసరు ముహమ్మద్ యూనస్ 42 మందికి అందరికీ కలిపి 27 డాలర్లు అప్పిచ్చారు. వాళ్ళలో వెదురు పీటలు చేసే ఆడవాళ్ళున్నారు. వెదురు తెచ్చుకుని, పీట చేసి, వెంటనే అమ్ముకునే పని అది. డబ్బు రోజుల్లోనే తిరిగి చేతికొస్తుంది. ఆ ప్రయత్నమే పెరిగి 1983లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకు అయింది, వారం వాయిదా ప్రపంచమంతా పాకింది. రోజూ డబ్బు తిరిగే పనికి ఆ పద్ధతి బాగా అతుకుతుంది. మరి నెలన్నరకు గానీ డబ్బు చూడని పనికి?

నా మొదటి స్కూలు యూనిఫాం ఆర్డరు సంగతే చెబుతాను. లెక్క సులువుగా ఉండటానికి అంకెలు సరిచేశాను. అప్పు 12,000. వడ్డీతో కలిపి 13,440 కట్టాలి, 48 వారాల్లో. అంటే వారానికి 280. గుడ్డ కొనడం, కొలతలు తీసుకోవడం, కత్తిరించడం, కుట్టడం, గుండీలు, ఇస్త్రీ, అప్పగింత, ఆ తర్వాత బిల్లు పాసవడం, ఇవన్నీ అయ్యేసరికి ఆరు వారాలు. మొదటి వాయిదా మాత్రం అప్పు చేతికొచ్చిన వారానికే. ఆ ఆరు వాయిదాలు నేనెక్కడి నుంచి కట్టాను? ఆ అప్పులోంచే. 280 చొప్పున 1,680 అలా వెనక్కి వెళ్ళిపోయింది. ఇక ప్రాసెసింగ్ ఫీజు కింద ముందే 360 పట్టుకున్నారు. 12,000 అప్పు రాయించుకున్న నాకు పనిలో పెట్టడానికి మిగిలింది 9,960. గుడ్డకు చాలక, దారం, గుండీలు కొట్లో అరువు తెచ్చాను.

కాబట్టి సంతకం చేసే ముందు ఒక క్యాలెండరు తీసుకోండి. డబ్బు బయటికి వెళ్ళే రోజుల చుట్టూ ఎర్ర పెన్నుతో, లోపలికి వచ్చే రోజుల చుట్టూ నీలం పెన్నుతో గుండ్రాలు చుట్టండి. వాయిదా రోజుల మీద ఇంటూ గుర్తు పెట్టండి. మొదటి నీలం గుండ్రం కన్నా ముందు ఎన్ని ఇంటూలు పడ్డాయో లెక్కపెట్టండి. అలా ముందుపడ్డ వాయిదాల సొమ్ము అప్పుతో సంబంధం లేకుండా మీ దగ్గర ముందే ఉండాలి. లేకపోతే వారం వాయిదా బదులు నెల వాయిదా ఉందా, మొదటి వాయిదాకు గడువిస్తారా అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. కోల్‌కతాలో జరిగిన ఒక పరిశీలనలో కొందరికి మొదటి వాయిదాకు రెండు వారాల బదులు రెండు నెలల గడువిచ్చి చూశారు. గడువు దొరికినవాళ్ళు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, దాదాపు మూడేళ్ళ తర్వాత వాళ్ళ లాభాలూ ఎక్కువే ఉన్నాయి. అయితే బాకీ ఎగ్గొట్టినవాళ్ళూ అందులోనే ఎక్కువ. అప్పిచ్చేవాళ్ళు గడువుకు వెనకాడేది అందుకే. గడువు దొరికితే ఆ రెండు నెలలూ డబ్బు పనిలోనే ఉండాలి, ఇంటి ఖర్చులోకి జారకూడదు.

ఉత్తుత్తి వాయిదా

మా గ్రూపులో నేను గట్టిగా పట్టుబట్టి చేయించేది ఇదొక్కటే. అప్పుకు దరఖాస్తు పెట్టకముందు ఎనిమిది వారాల పాటు, అప్పు తీసుకున్నట్టే అనుకుని, వాయిదా సొమ్మును ఒక డబ్బాలో వేయాలి. పైన చెప్పిన లెక్కలో అయితే వారానికి 280. ఏ వారమూ తప్పకూడదు, ఒకసారి వేసింది తీయకూడదు. జ్వరం వచ్చిన వారం, చుట్టాలొచ్చిన వారం, కరెంటు లేక మిషను ఆగిన వారం కూడా వేయాలి. అలా వేయగలిగితే ఆ అప్పు మీరు మోయగలరు. మూడో వారానికే చేతులెత్తేస్తే, అప్పు మొత్తం తగ్గించుకోవాలని ముందే తెలిసిపోతుంది. తెలుసుకున్నందుకు నష్టమేమీ లేదు. ఎనిమిది వారాలకు పోగయ్యే 2,240 మీదే. రేపు నిజం వాయిదాలు మొదలయ్యాక ఆదుకునే మొదటి సొమ్ము అదే.

ఒక చెల్లెలు ఐదో వారంలో ఆగిపోయింది. ఏడుస్తూ వచ్చింది. పుస్తకం తెరిచి ఇద్దరం చూశాం. ఆమె కుట్టిన బట్టల్లో మూడో వంతుకు డబ్బు రాలేదు, అన్నీ అరువే. ఆమెకు కావలసింది అప్పు కాదు, రావలసిన బాకీ వసూలు. రెండు నెలలు అదే పని పెట్టుకుని రాబట్టుకుంది. ఆ డబ్బుతోనే పాత మిషనుకు మోటారు పెట్టించుకుంది, అప్పు లేకుండానే.

వడ్డీ అసలు ఎంత?

"పన్నెండు శాతమేనమ్మా" అంటారు. ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని వెంటనే అడగండి. ఫ్లాటు అంటే, మీరు ఎంత తీర్చేసినా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. అదే 12,000ను నెల వాయిదాల్లో చూడండి. నెలకు అసలు 1,000, వడ్డీ 120. మొదటి నెలలో మీ దగ్గర 12,000 ఉంది, వడ్డీ 120, బాగానే ఉంది. పన్నెండో నెలలో మీ దగ్గర వాళ్ళ డబ్బు 1,000 మాత్రమే ఉంటుంది. వడ్డీ అప్పుడూ 120. ఆ ఒక్క నెలకే పన్నెండు శాతం కట్టినట్టు. ఏడాది మొత్తానికి సరిగ్గా లెక్కకడితే అది 21 శాతం దాటుతుంది. ముందే పట్టుకున్న 360 ఫీజు కూడా కలిపితే 27 శాతం దాటుతుంది. బీమా పేరుతో, డిపాజిట్టు పేరుతో పట్టుకునేవి ఇంకా వేరు.

అందుకని శాతాలతో కుస్తీ పట్టొద్దు. రెండే ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. నా చేతికి ఎంత వస్తుంది? మొత్తం తీరేసరికి నా చేతిలోంచి ఎంత పోతుంది? రెండు చోట్ల అడిగి, అంతే కాలానికి, అంతే మొత్తానికి పోల్చి చూడండి. భారత్‌లో అయితే రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి తెచ్చిన నిబంధనల ప్రకారం, ఖర్చులన్నీ కలిపిన వడ్డీ రేటు రాసిన సులభమైన వివరపత్రం అప్పుదారుకు ఇవ్వాలి, ముందుగా తీర్చేసినందుకు జరిమానా వేయకూడదు. మీరున్న చోట నియమాలేమిటో కనుక్కోండి. ఎక్కడున్నా ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం చేయొద్దు.

డబ్బు ఎవరి చేతిలో ఆగుతుంది

ఇది రాయడం కష్టం, కానీ నా రెండో అప్పు మునిగిందే ఇక్కడ. అప్పు నా పేరు మీద వచ్చింది. డబ్బు ఇంట్లో బీరువాలో పెట్టాను. అంతే, నాలుగు రోజుల్లో దానికి నాలుగు దారులు పుట్టాయి. ఎవరూ దుర్మార్గులు కాదు, అన్నీ నిజమైన అవసరాలే. మిగిలినదాంతో, టోకున చవగ్గా వస్తోందని నాలుగు తానుల గుడ్డ కొన్నాను. ఆ రంగు ఎవరూ అడగలేదు. ట్రంకు పెట్టె తెరిచినప్పుడల్లా ఆ గుడ్డ నన్ను చూస్తున్నట్టుండేది. వాయిదాలు మాత్రం ఒక్కటీ ఆగలేదు.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదాని కథ కాదని. శ్రీలంకలో చిన్న వ్యాపారులకు తిరిగి కట్టక్కర్లేని సొమ్ము ఇచ్చి చూస్తే మగవాళ్ళ వ్యాపారాల్లో లాభం పెరిగింది, ఆడవాళ్ళవాటిలో సగటున పెరగలేదు. ఆడవాళ్ళ చేతిలో పెట్టుబడి పండదని అనుకోవడానికి ఆ లెక్క వీలిచ్చింది. భారత్, శ్రీలంక, ఘనా లెక్కలను ఇంటిని మొత్తంగా తీసుకుని మళ్ళీ చూసి, 2019లో అచ్చువేసిన పరిశీలన వేరే సంగతి చెప్పింది. ఆడమనిషి పేరున వచ్చిన పెట్టుబడి చాలాసార్లు భర్త వ్యాపారంలోకి వెళుతోంది. ఇంట్లో ఆమెది ఒక్కటే వ్యాపారమైన చోట మగవాళ్ళకూ ఆమెకూ లాభంలో తేడా లేదు. ఈ సంగతి తెలిసిన రోజు నా గుండెల మీది బరువు దిగినట్టయింది.

ఇక చేయాల్సింది. అప్పు సొమ్మును నగదుగా ఇంటికి తీసుకురావద్దు. మీ ఒక్కరి పేరున, మీ ఒక్కరి ఫోను నంబరుతో ఉన్న ఖాతాలోనే వేయించుకోండి. ఉగాండాలో అప్పును నగదుగా కాకుండా తీసుకున్న ఆడమనిషి పేరిట విడిగా తెరిచిన మొబైల్ ఖాతాలో వేసినప్పుడు, ఎనిమిది నెలల తర్వాత ఆ ఆడవాళ్ళ లాభాలు 15 శాతం, వ్యాపారంలో ఉన్న పెట్టుబడి 11 శాతం ఎక్కువ ఉన్నాయి. సొమ్ము దిగిన రెండు మూడు రోజుల్లోనే అనుకున్న వస్తువు కొనేయండి. బిల్లు మీ పేరున రాయించుకోండి. ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలో అప్పుకు ముందే చెప్పండి: "ఇది మిషను డబ్బు. ఇంటికి కావలసింది నా కూలిలోంచి ఇస్తాను." ఇంకొకరి కోసం మీ పేరు మీద అప్పు తీసివ్వొద్దు, ఎంత దగ్గరివాళ్ళయినా సరే. వాయిదా మానేస్తే పాడయ్యేది మీ పేరే.

పుస్తకంలో నాలుగు గళ్ళు

నాకు లెక్కలు రావు అనేవాళ్ళకు ఒక మాట. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు ఒక జట్టుకు పూర్తి అకౌంట్ల పాఠాలు చెప్పారు, ఇంకో జట్టుకు తేలికైన సూత్రాలు చెప్పారు. ఇంటి డబ్బు ఒక సొరుగులో, వ్యాపారం డబ్బు ఇంకో సొరుగులో, అలాంటివి. ఆ తేలికైన సూత్రాలు విన్నవాళ్ళే లెక్కలు బాగా పెట్టుకున్నారు. కాబట్టి రెండు డబ్బాలతో మొదలుపెట్టండి. కిరాణా సామాను వ్యాపారం డబ్బాలోంచి కొనొద్దు.

పుస్తకంలో నాలుగు నిలువు గళ్ళు గీయండి: వచ్చింది, పోయింది, రావలసింది, నా కూలి. అందరూ వదిలేసేది నాలుగో గడి. నా పాత పుస్తకంలో ఒక నెల ఇలా ఉండేది. వచ్చింది 9,000. గుడ్డ, లైనింగు 3,500. దారం, కరెంటు, మిషను రిపేరు 900. మిగిలింది 4,600. ఆహా, లాభం అనుకున్నాను. ఆ నెలలో 26 రోజులు కుట్టాను. అదే పనికి ఇంకొకరిని పెట్టుకుంటే రోజుకు 150 ఇవ్వాలి, 26 రోజులకు 3,900. అంటే వ్యాపారం సంపాదించింది 700 మాత్రమే. వాయిదాలేమో నెలకు 1,120. మిగతా 420 నా కూలిలోంచి, అంటే మా ఇంటి తిండిలోంచి పోయింది. నెల నెలా ఇలాగే ఉంటే అది వ్యాపారాన్ని పెంచే అప్పు కాదు. వ్యాపారం మిగులు వాయిదాను మోస్తుందా, మీ కూలి మోస్తోందా అన్నది ఆ నాలుగో గడి చూపిస్తుంది.

ఏం కొనాలి

మూడో అప్పు తీసుకునే ముందు వారం రోజులు గడియారం పక్కన పెట్టుకుని కుట్టాను. కత్తిరింపుకు ఎంతసేపు, కుట్టుకు ఎంతసేపు, అంచులకు ఎంతసేపు అని రాసుకున్నాను. ఎనిమిది గంటల పనిలో దాదాపు రెండు గంటలు అంచులు పోగులూడకుండా కట్టడానికే పోతోంది. అప్పటిదాకా నాకు రెండో కుట్టుమిషను కావాలనే అనుకున్నాను. నిజానికి నాకు కావలసింది ఓవర్‌లాక్ మిషను. అది కొన్న నెలలోనే రెండు గంటలు మిగిలాయి, అంచు శుభ్రంగా ఉందని తెలిసిన దుకాణం నుంచి ఆర్డరూ పెరిగింది. మీ పని ఏదైనా సరే, పని ఎక్కడ ముడిపడి ఆగుతోందో అక్కడే అప్పు పెట్టండి. సరుకు పోగుచేయడానికి పెట్టొద్దు, ఇప్పటికే ఆర్డరు చేతిలో ఉంటే తప్ప.

గ్రూపు, రెండో అప్పు, కష్టకాలం

ఉమ్మడి పూచీ అంటే ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళం కట్టాలి. కాబట్టి గ్రూపులో చేరేటప్పుడు స్నేహం కన్నా, మీతో చేరే మనిషికి ఇంకెక్కడెక్కడ బాకీ ఉందో చూడండి. అందరిదీ ఒకే రకం వ్యాపారమైతే గిరాకీ పడిపోయిన నెలలో అందరూ ఒకేసారి పడిపోతారు. ఉమ్మడి పూచీ లేకుండా ఇచ్చేవాళ్ళుంటే అదీ అడగండి. ఫిలిప్పీన్స్‌లో ఒక సంస్థ ఉమ్మడి పూచీ తీసేసి చూస్తే వసూళ్ళు తగ్గలేదు.

సమయానికి కట్టినందుకు రెట్టింపు ఇస్తామంటారు. అది మీ నిజాయితీకి మెచ్చుకోలే తప్ప మీ వ్యాపారానికి అంత కావాలన్న లెక్క కాదు. నాకూ అలాగే ఇచ్చారు, ఆ నాలుగు తానుల గుడ్డ ఆ రెట్టింపు చలవే. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు ఎప్పుడూ తీసుకోవద్దు. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఇంటి మీద ఎన్నో సంస్థల అప్పులు పేరుకుని, వసూళ్ళ ఒత్తిడికి కుటుంబాలు నలిగిపోతే ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లో కుటుంబానికి ఉన్న అప్పులన్నిటి వాయిదాలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదని పెట్టింది. నన్నడిగితే సగం కూడా ఎక్కువే. మూడో వంతు దగ్గర ఆగండి.

వాయిదా కట్టలేని వారం వస్తే దాక్కోవద్దు. వాయిదా రోజుకు ముందే వెళ్ళి చెప్పండి, ఎంత కట్టగలరో అంత కట్టి రసీదు తీసుకోండి, గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగండి. మీటింగులో నలుగురి ముందు అవమానించినా, రాత్రి ఇంటికి వచ్చి కూర్చున్నా భరించక్కర్లేదు. తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టి, ఆ సంస్థలో పైవాళ్ళకు, తర్వాత వాళ్ళ మీద అజమాయిషీ ఉన్న చోటికి ఫిర్యాదు పంపండి.

చివరి వాయిదా కట్టిన రోజున "బాకీ లేదు" అని కాగితం అడిగి తీసుకోండి. రెండు మూడు నెలలు ఆగి, మీ పేరు మీద క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పులు, వాటి వాయిదాల రికార్డు, తీయించి చూడండి. నా మూడో అప్పు తీరిపోయాక కూడా రికార్డులో ఇంకా బాకీ ఉన్నట్టే కనబడింది. ఆ కాగితం చేతిలో ఉండబట్టి సరిచేయించగలిగాను. తర్వాత గ్రూపు లేకుండా, నా ఒక్కదాని పేరున బ్యాంకు అప్పుకు వెళ్ళినప్పుడు ఆ కాగితం, మిషన్ల బిల్లులు, మూడేళ్ళ ఖాతా పుస్తకాలు పట్టుకెళ్ళాను. మేనేజరు బిల్లులు పక్కన పెట్టి పుస్తకాలు తెరిచారు. నాలుగో గడి మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడిగారు. నా కూలి అని చెప్పాను. ఆయన ఆ గడిని చివరి పేజీ దాకా చూసుకుంటూ వెళ్ళి, అప్పుడు దరఖాస్తు ఫారం తీశారు.